కాటా లేని చోట పని

నన్ను జైలుకు తీసుకెళ్లిన రోజున తాడేపల్లిగూడెం కోర్టు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆడవాళ్లు పైటచెంగుతో కళ్లొత్తుకున్నారు. నేను జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగి అందరికీ చెయ్యి ఊపాను.

ఈ మాట చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా జనం పెరుగుతూ వచ్చారు. నిజానికి ఆ జనం వచ్చింది ఏదో పొలం గట్టు తగాదాకి. నా కోసం వచ్చింది మా ఆవిడ ఒక్కతే. ఆవిడ కూడా ఇంటి తాళంచెవి నా చొక్కా జేబులో ఉండిపోయిందని వచ్చింది. "ఏవండీ, తాళం" అని చెయ్యి చాపింది. ఇచ్చాను. జీపు కూడా లేదు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య ఏలూరు బస్సులో కూర్చున్నాను. కిటికీ పక్క సీటు కావాలని అడిగితే, అందులో పెద్ద కానిస్టేబులు "ఊరుకోండి మాస్టారూ" అన్నాడు. ఎక్కడా పాఠం చెప్పినవాణ్ని కాకపోయినా నన్ను మాస్టారూ అన్నందుకు దారంతా కాస్త ధైర్యంగా ఉంది.

నేను చేసిన పని చెబుతాను. పెంటపాడు దగ్గర ఒక రైసుమిల్లులో కాటా గుమస్తాని. రైతులు తెచ్చిన ధాన్యం బస్తాలు కాటా మీద పెట్టి బరువు పిలవడం నా పని. ఆ కాటా గుండు అడుగున ఒక సీసం ముక్క అతికించి ఉండేది. దాంతో ప్రతి బస్తా కిలో పైచిలుకు తక్కువ తూగేది. పదేళ్లు అలా తూచాను. పట్టుబడ్డాక కోర్టులో "యజమాని చెయ్యమన్నాడు, చేశాను" అన్నాను. అది సగం నిజం. తరుగు రావాలన్నది యజమానే. సీసం ముక్క ఆలోచన మాత్రం నాదే. ఇన్నాళ్లూ మా ఆవిడకి కూడా ఈ రెండో సగం చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. యజమాని చెప్పాడనడానికి సాక్ష్యం లేదు కాబట్టి ఆయన బయటపడ్డాడు. కాటా మీద ఉన్న చెయ్యి నాది కాబట్టి నాకు ఏడాది పడింది.

ఏలూరు జైల్లో అందరూ నన్ను గురువుగారూ అనేవారని, నా మాట దాటేవారు కారని కూడా చెప్పుకున్నాను. అక్కడ నేను చేసింది ఉల్లిపాయలు ఒలవడం, వంకాయ మొక్కలకు నీళ్లు పొయ్యడం. నన్ను గురువుగారూ అన్నది ఒకే ఒక్కడు. వాడికి నా వాటా మజ్జిగ కావాలి.

బయటికి వచ్చాక ఒక్కటే అనుకున్నాను, ఇక కాటా ముట్టుకోకూడదని. నిజం చెప్పాలంటే నన్ను ముట్టుకోనిచ్చేవాళ్లు కూడా ఎవరూ లేరు. అప్పటికి నాకు యాభై తొమ్మిది. ఇంట్లో మా ఆవిడ మిషను మీద జాకెట్లు కుట్టి గడుపుతోంది. పని వెతుక్కోవాలి. వెతకడం మొదలుపెట్టాకే తెలిసింది, మా డెల్టాలో కాటా లేని పని లేదు. గూడెంలో ఉల్లిపాయల కొట్లకి వెళ్లాను. అక్కడ గుమ్మంలోనే కాటా. ఆకివీడు వైపు చేపలు ప్యాకింగు చేసే షెడ్డుకి వెళ్లాను. ఐసు కంటే ముందు కాటా కనపడింది. పాత ఇనుము కొట్టువాడు నా పేరు అడిగి, పనిలో ఉన్నట్టు నటిస్తూ మెల్లగా తన కాటాను గోడ వైపు జరిపాడు. చివరికి బస్టాండులో బరువు చూసే మిషను పక్కన బస్సు కోసం నిలబడితే, దానిమీద ఉన్న మనిషి నన్ను చూసి గబుక్కున దిగిపోయాడు.

ఈ చివరిది కొంచెం పెంచాను. అతని బస్సు వచ్చింది, దిగాడు. కానీ ఆ రోజుల్లో నాకు అలాగే కనపడింది.

కాటా లేని పని దొరికింది కూడా ఒక బస్సులోనే. నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. కొల్లేటి అంచున చేపపిల్లలు అమ్మే చెరువుల దగ్గర లెక్కపెట్టే మనిషికి నడుం పట్టేసిందట, కొత్త మనిషి కోసం చూస్తున్నారట. "అక్కడ కాటా ఉండదాండీ?" అని నేను మధ్యలో దూరాను. ఒకావిడ వింతగా చూసి, "చేపపిల్లలకి కాటా ఏంటండీ, నీళ్లు కూడా తూగుతాయి కదా. ఆ చెరువుల దగ్గర ఎప్పుడూ లెక్కేనండి" అంది. నేను దిగాల్సిన చోట దిగకుండా ఆవిడ దిగిన చోట దిగాను.

చెరువుల యజమానికి నలభై ఏళ్లుంటాయి. మర్యాదస్తుడు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఇదివరకు ఏం చేసేవారండీ బాబాయిగారూ?"

"కువైట్‌లో ఉన్నానండి."

ఈ మాట నేను అనలేదు, నోరు అనేసింది. మా వైపు నుంచి కువైట్ వెళ్లొచ్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు కాబట్టి ఏడాది కనపడని మనిషికి అది తేలిగ్గా అతికే మాట.

"ఏం పనండీ అక్కడ?"

"లెక్కల పనేనండి."

"సరే, కాస్త లెక్కపెట్టి చూపించండి."

పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాను. సన్నటి వలతో తొట్టిలా కట్టిన గూడు ఒకటి నీళ్లలో నిలబెట్టి ఉంది. అక్కడ దాన్ని హాపా అంటారు. అందులో వేలెడేసి శీలావతి, బొచ్చె చేపపిల్లలు. లెక్కపెట్టేవాడు మొలలోతు నీళ్లలో నిలబడి, రెండు చేతులతో ఐదేసి చొప్పున తీసి గట్టు మీది టబ్బులో వెయ్యాలి. ఇరవై చేతులకి నూరు. చేప చేతిలో ఎక్కువసేపు ఉండకూడదు, చెయ్యి తప్పకూడదు.

మా నాన్న కళ్లాల్లో కుంచంతో ధాన్యం కొలిచేవాడు. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మా నాన్న దాన్ని రాగం తీసేవాడు. నాకు చదువు అంతగా రాలేదు కానీ ఆ రాగం వచ్చింది. మిల్లులో బస్తాలు కూడా ఆ రాగంలోనే పిలిచాను. ఆ రోజు నీళ్లలో నిలబడి మొదలుపెట్టాను. "లాభాం లాభాం... రెండూ రెండూ... మూడూ మూడూ..." ప్రతి చేతికీ ఒక వరస. ఇరవయ్యో వరసకి గొంతు పైకి లేపి "నూరూ" అనేసరికి, పక్క చెరువుల్లో వాళ్లు కూడా వలలు వదిలి చప్పట్లు కొట్టారు.

చప్పట్లు లేవు. యజమాని టబ్బు మళ్లీ లెక్కపెట్టించాడు. సరిగ్గా నూరు. "రేపు ఆరింటికి రండి" అన్నాడు. ఇంటికి వెళ్లి చెబితే మా ఆవిడ కుట్టుమిషను ఆపింది. "చేపలకి లెక్కైనా సరిగ్గా చెప్పండి" అంది. తర్వాత, "కాళ్లకి కొబ్బరినూనె రాసుకుని వెళ్లండి, నీళ్లలో పాసిపోతాయి" అని కూడా అంది.

నాలుగు నెలలు అలా గడిచాయి. గట్టు మీద నా పక్కన ఒకావిడ కూర్చునేది. నలభై దాటిన మనిషి. నేను నూరు అన్నప్పుడల్లా ఒక నత్తగుల్ల డబ్బాలో పడేసేది. గుల్లలు లెక్కపెడితే ఎన్ని వందలో తేలుతుంది. ఆవిడ పెదాలు నాతోపాటే కదులుతుండేవి. నా విద్య నేర్చుకోవడానికి యజమాని ఆవిణ్ణి నా దగ్గర పెట్టాడని నేను నిర్ణయించుకున్నాను. అప్పుడప్పుడు సలహాలు కూడా ఇచ్చాను. "అమ్మాయ్, రాగం ముక్కుతో కాదు, పొట్టతో తియ్యాలి" అనేవాణ్ని. "ఆయ్, అలాగేనండి" అనేది.

ఒకే ఒక్క చిక్కు, ఆవిడ నాలుగేళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చిన మనిషి.

"కువైట్‌లో మీరు ఎక్కడండీ?" అంది రెండో రోజే.

"సముద్రం పక్కన."

"అదంతా సముద్రం పక్కేనండి."

"మరీ పక్కన" అన్నాను. ఇంకేదో చెప్పాలి కాబట్టి, ఆ ఏడాది అక్కడ చెరువులకి వరదొచ్చి గట్లు తెగాయని కూడా చెప్పాను. ఆవిడ ఒక గుల్ల తీసి డబ్బాలో వేసింది. అప్పటికి నూరు కూడా కాలేదు.

ఆ తర్వాత రోజూ ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఇదివరకు ఏం చెప్పానో గుర్తు చేసుకునేవాణ్ని. ఎంత వేడి, ఏం తిన్నాను, ఏ విమానం. నీళ్లలో నిలబడినందుకు నాకు నడుం నొప్పి పుట్టలేదు కానీ కువైట్‌ను మొయ్యలేక పుట్టేది.

ఒకరోజు పొద్దున్న పెంటపాడు నుంచి ఒక రైతు వెయ్యి పిల్లలకి వ్యాను పంపాడు. వ్యానులో టార్పాలిన్ తొట్టి, నీళ్లు, ఆక్సిజన్ సిలిండరు. ఆ రైతు వరిచేను కొంత తవ్వించి కొత్తగా చెరువు చేశాడని డ్రైవరు చెప్పాడు. నాలుగు వందలు హుషారుగా పాడాను. అవి వ్యానులోకి వెళ్లిపోయాయి. ఐదో నూరు మొదలుపెడుతుండగా గట్టు మీద మోటారుసైకిలు ఆగింది. తల ఎత్తాను.

దిగిన మనిషిని చూడగానే పోల్చుకున్నాను. కోర్టులో బోనులో నిలబడి నా వైపు వేలు చూపించి "ఈయనేనండి" అన్న రైతు ఆయనే. నా మీద కేసు నిలబడింది ఆయన మాట మీద.

ఆయన నన్ను ఇంకా చూడలేదు. నాకు నెత్తిన తువ్వాలు ఉంది, గడ్డం మాసి ఉంది. మనిషిని పోల్చలేకపోవచ్చు. కానీ పదేళ్లు ఆయన బస్తాలు పిలిచిన ఆ రాగాన్ని ఎలా దాచడం? అందుకని రాగం ఆపేశాను. తల వంచుకుని నోట్లోనే గొణుక్కుంటూ చేతులు ఆడించాను. ఆ గొణుగుడుతోనే మూడు టబ్బులు నింపాను.

అప్పుడు తెలిసింది నాకు, లెక్క నా బుర్రలో ఎప్పుడూ లేదు, ఆ రాగంలో ఉంది. రాగం లేకపోతే పదకొండో చెయ్యో పన్నెండో చెయ్యో నాకే తెలియడం లేదు. అయినా చేతులు ఆపలేదు. ఆపితే ఆయన ఇటు చూస్తాడు. ఏదో ఒకచోట "నూరు" అంటున్నాను. నా పక్కన గుల్ల ఆలస్యంగా పడుతోంది.

"ఇదేంటండీ," అన్నాడు రైతు గట్టు మీంచి. "నేను వచ్చేటప్పుడు రోడ్డు దాకా వినపడింది పాట. నేను రాగానే గొణుగుడా? ఆ టబ్బు ఇలా ఇవ్వండి, మళ్లీ లెక్కపెట్టించండి."

ఆవిడ టబ్బు దగ్గరికి లాక్కుని లెక్కపెట్టింది. తొంభై ఐదు.

తువ్వాలు కళ్ల మీదికి లాక్కున్నాను.

"మాస్టారూ, తల ఎత్తండి" అన్నాడు రైతు.

ఎత్తాను.

"మీరా! బస్తాకి కిలో తిని చాల్లేదా? ఇప్పుడు నూటికి ఐదు చేపలు మొదలెట్టారా?"

"నేను... కువైట్..." అన్నాను.

"ఏ కువైటండీ? ఏలూరులో కదా ఉన్నారు మీరు, నేనే పంపించాను."

ఆ కేకకి యజమాని పాక దగ్గర్నుంచి వచ్చాడు. నాకు ఒక్కసారిగా అర్థమైంది. ఈ ఐదు చేపలు నేను దొంగిలించలేదు. నిజంగా పొరపాటు. ఆ మాట ఇంకెవరు చెప్పినా నమ్ముతారు గానీ, నేను చెబితే నమ్మే మనిషి ఈ భూమ్మీద ఉండడు. ఈ పని పోతే ఈ జిల్లాలో నాకు మరో పని లేదు. కాటా లేని చోటు ఇదొక్కటే దొరికింది.

సాధారణంగా ఇలాంటప్పుడు నా నోరు ఏదో ఒకటి అల్లేస్తుంది. ఆ రోజు దానికి కూడా ఏమీ తోచలేదు. గట్టు పట్టుకుని యజమానితో చెప్పాను. "బాబూ, నేను కువైట్ వెళ్లలేదండి. జైలుకి వెళ్లాను. మిల్లులో కాటా మోసం చేశాను. ఈయన అన్నదంతా నిజం. కానీ ఇవాళ్టిది మోసం కాదండి, భయం. ఈయన్ని చూసి పాట ఆపాను, లెక్క పోయింది."

"తెలుసు బాబాయిగారూ," అన్నాడు యజమాని.

"పాట ఆపానని తెలుసా?"

"జైలు సంగతి తెలుసండి. మీరు చేరిన మొదటి వారమే తెలుసు."

నేను గట్టు మీద కూర్చున్న ఆవిడ వైపు చూశాను. ఆవిడ గుల్లల డబ్బాలోకి చూస్తోంది. "కువైట్‌లో చెరువులకి వరదేంటండీ?" అంది మెల్లగా. "నేను నాలుగేళ్లలో గొడుగు తియ్యలేదండి. అయ్యగారికి చెప్పాను. అయ్యగారు గూడెం ఫోను చేశారు."

"తెలిసి పెట్టుకున్నారా ఈయన్ని?" అన్నాడు రైతు.

"తెలిసే పెట్టుకున్నానండి. అంత వేగంగా లెక్కపెట్టే చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. అయినా నమ్మి వదిలెయ్యలేదు లెండి. అందుకే ఈవిణ్ణి పక్కన కూర్చోబెట్టాను. ఈయనతో పాటు ఈవిడ కూడా లెక్కపెడుతుంది. నాలుగు నెలల్లో ఒక్క చేప తేడా రాలేదు, ఇవాళ తప్ప."

అంటే ఆ పెదాలు కదిలింది విద్య కోసం కాదు. నేను పొట్టతో రాగం తియ్యమని నేర్పించిన శిష్యురాలు నాకు కాపలా. సిగ్గు వెయ్యాలి. వేసింది కూడా. కానీ దానికంటే ముందు, నాలుగు నెలలుగా నడుం మీదున్న కువైట్ దిగిపోయిన తేలిక వచ్చింది. మొలలోతు నీళ్లలో నిలబడి గట్టిగా ఊపిరి వదిలాను. యజమాని కంగారుపడి, "పైకొచ్చి కూర్చోండి బాబాయిగారూ, ఆయాసపడుతున్నారు" అన్నాడు.

"తప్పు నాది కూడా ఉందండి," అంది ఆవిడ రైతుతో. "పాట వినపడకపోతే అప్పుడే ఆపమనాలి. పెద్దాయన కదా అని ఊరుకున్నాను. మిగతా రెండు టబ్బులు కూడా పాట లేకుండా నింపినవే. అవీ చూడాలండి."

"చూడమ్మా, ఇంకెన్ని తిన్నాడో చూడు" అన్నాడు ఆయన.

రెండో టబ్బు లెక్కపెట్టింది. నూరు దాటింది. నూట ఐదు దాటింది. నూట పది దగ్గర ఆగింది. నాకంటే ముందు రైతే వంగి టబ్బులోకి చూశాడు. "మళ్లీ లెక్కపెట్టు" అన్నాడు. మళ్లీ నూట పదే. మూడో టబ్బు సరిగ్గా నూరు. అది ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు.

రైతు నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగాడు. ఆక్సిజన్ సిలిండరు బుసబుసమంటోంది. వ్యాను డ్రైవరు ఎండెక్కుతోందని గొణుగుతున్నాడు.

"మాస్టారూ, పదేళ్లు నా బస్తాలు తూచారు. ఒక్కటంటే ఒక్క బస్తా నావైపు ఎక్కువ తూగలేదండి. ఒక్కసారైనా పొరపాటున తూగుతుందేమోనని చూసేవాణ్ని. ఆ చూపే మిమ్మల్ని పట్టించింది."

"ఆయ్" అన్నాను.

"ఇవాళ నాకు ఐదు తక్కువొచ్చి, పది ఎక్కువొచ్చాయి. మోసం చేసేవాడు ఇలా రెండు వైపులా తప్పడు." యజమాని వైపు తిరిగాడు. "ఈయనకి నిజంగానే లెక్క పోయిందండి."

కోర్టులో జడ్జిగారు తీర్పు చదివినప్పుడు కూడా నేను అంత శ్రద్ధగా వినలేదు.

"అయితే వేరే మనిషిని దింపమంటారా?" అన్నాడు యజమాని.

"వద్దు. ఈయన్నే లెక్కపెట్టమనండి. మూడు టబ్బులూ మళ్లీ హాపాలో పొయ్యండి. మొదట్నుంచీ గట్టిగా, నాకు వినపడేలా. నేను ఇక్కడే ఉంటాను."

టబ్బులు తిరగేశారు. ఆవిడ మూడు గుల్లలు డబ్బాలోంచి తీసేసింది. చేపలు గూట్లో పడి చెదిరిపోయాయి. నేను తువ్వాలు తీసి గట్టు మీద పడేశాను. "లాభాం లాభాం... రెండూ రెండూ..." ఆరు వందలు పాడాను. గట్టు మీద ఇద్దరు నాతోపాటు లెక్కపెడుతున్నారు. ఒకరు పెదాలతో, ఒకరు వేళ్లతో. నాలుగో నూరుకి రైతు కాలి బొటనవేలు నా రాగానికి నేల మీద తాళం వేస్తోంది. అది పెంచి చెప్పడం కాదు, నా కళ్లతో చూశాను. ఆయన చూసుకోలేదు.

వెయ్యి పూర్తయ్యేసరికి గుల్లలు పది. ఆవిడ లెక్క పది. రైతు మళ్లీ ఏ టబ్బూ అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆవిడకి మొత్తం చెప్పాను. రైతు నన్ను గట్టు మీదే కావలించుకున్నాడని, ఇద్దరం ఏడ్చామని చెప్పాను. మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "తడి పంచెతో ఉన్న మిమ్మల్నా?" అంది. లేదని ఒప్పుకున్నాను. కావలించుకోలేదు. నమస్కారం కూడా పెట్టలేదు. వ్యాను కదిలాక మోటారుసైకిలు స్టార్టు చేసి, కాలు నేల మీద ఆనించి ఆగాడు.

"వచ్చే నెల ఇంకో వెయ్యి కావాలండి. మీరే ఉంటారా?"

నేను ఉండాలని అడిగాడో, ఉంటే మానేద్దామని అడిగాడో మొహం చూస్తే తెలియలేదు. యజమాని వైపు చూశాను. ఆయన టబ్బులు కడిగిస్తున్నాడు, తల తిప్పకుండానే "ఉంటారండి" అన్నాడు.

"ఉంటానండి" అన్నాను నేను.